మా తాతమ్మ పేరు ఏ కాగితంలోనూ లేదు

వంశవృక్షం గీద్దామని కూర్చున్న తెలుగు కుటుంబం ఏదైనా సరే, మూడు నాలుగు తరాలు దాటేసరికి ఆగిపోతుంది. తాత, ముత్తాత, గట్టిగా ప్రయత్నిస్తే ముత్తాత తండ్రి. ఆ పైన ఇంటిపేరు, గోత్రం, "మనవాళ్ళు ఫలానా వైపు నుంచి వచ్చారట" అనే ఒక మాట. ఆడవాళ్ళ విషయానికొస్తే అంత దూరం కూడా వెళ్ళలేం. మా నాన్నగారి నాన్నమ్మ పేరేమిటో ఇవాళ మా ఇంట్లో ఒక్కరికీ తెలీదు. పుట్టింటి ఊరిపేరు పెట్టి పిలిచేవారట, అంతే. ఎంతమందిని కన్నదో, ఎంతమంది దక్కారో, ఏ ఏడు పోయిందో చెప్పేవాళ్ళు లేరు.

అలాగని ఆవిడ సర్కారువారి లెక్కకి అందకుండా ఏమీ పోలేదు. మాది విజయనగరం దగ్గర పల్లెటూరు. ఆవిడ బతికుండగా జనగణన వాళ్ళు మా ఊళ్ళో ఇంటింటికీ తిరిగారు. తలుపు మీద నంబరు వేసి, ఇంట్లో ఉన్నవాళ్ళ గురించి ఒక్కొక్కరి చొప్పున అడిగారు. పేరు, వయసు, పెళ్ళయిందా, మతం, కులం, చేసే పని, మాట్లాడే భాష, చదవడం రాయడం వచ్చా, ఇవన్నీ రాసుకున్నారు. 1931లో అయితే ముందే రాసిపెట్టుకున్న లెక్కని ఫిబ్రవరి 26 రాత్రి మళ్ళీ ఇంటింటికీ వెళ్ళి సరిచూశారు. ఈలోగా పుట్టిన పిల్లల్ని చేర్చారు, పోయినవాళ్ళని కొట్టేశారు. తరవాత ఆ పుస్తకాల్లోంచి మనిషికో స్లిప్పు ఎత్తిరాసి, అరల్లో వేసి, మతాల వారీగా, వయసుల వారీగా లెక్కపెట్టి పట్టికలు తయారుచేశారు. పట్టికలు అచ్చయ్యాక పేర్లున్న కాగితాలతో పని అయిపోయింది. వాటిని ఉంచలేదు.

ఆ పట్టికలు ఇప్పటికీ చదువుకోవచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ సంపుటాల్లో ఏ తాలూకాలో జనం ఎంతో, జిల్లాలో వితంతువులు ఎందరో, చదువొచ్చిన ఆడవాళ్ళు ఎంత తక్కువో అన్నీ ఉన్నాయి. ఆ మొత్తాల్లో మా తాతమ్మ కూడా కలిసి ఉంది. ఆవిడని విడిగా చూపించే కాగితం మాత్రం లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఇదీ: జనగణనలో రాసుకున్న మనుషుల పేర్లని మన దేశం దాచి ఉంచాలి, వందేళ్ళ తరవాత వారసులకి తెరవాలి. ఇది ఇప్పుడే ఎందుకు అడగాలంటే, 2021లో జరగాల్సిన జనగణన వాయిదాపడి, 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుని జరగబోతోంది. మొదటిసారి కాగితం లేకుండా మొబైల్ యాప్‌లో నింపుతారు. 1931 తరవాత అన్ని కులాల లెక్కా తేల్చే జనగణన ఇదే. నూటనలభై కోట్లమందికి పైగా మనుషుల వివరాలు ఒకచోట చేరతాయి. పట్టికలు వచ్చాక వాటిని ఏం చేయాలన్న ప్రశ్న మన చర్చల్లో ఎక్కడా వినిపించట్లేదు.

దాచి ఉంచిన దేశాల్లో ఏం జరుగుతుందో చూడాలంటే ఐర్లండ్ 1911 జనగణన ఫారాలు చూడండి. అక్కడి జాతీయ ఆర్కైవ్స్ వాళ్ళు వాటిని ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టారు. ఇంటి పెద్ద తన చేత్తో నింపిన అసలు కాగితం మన ముందుకొస్తుంది. రాయడం రానివాడు పెట్టిన ఇంటూ గుర్తు కూడా కనిపిస్తుంది. ఆ ఫారంలో పెళ్ళయిన ఆడవాళ్ళ గురించి మూడు గడులుంటాయి: పెళ్ళయి ఎన్నేళ్ళు, ప్రాణంతో పుట్టిన పిల్లలు ఎందరు, ఇప్పుడు బతికున్నవాళ్ళు ఎందరు. నేను చూసిన ఒక రైతు ఇంటి ఫారంలో తొమ్మిది అని, పక్క గడిలో ఆరు అని ఉంది. ఆ ముగ్గురు పిల్లల పేర్లు ఆ ఫారంలో లేవు. కానీ వాళ్ళు పుట్టారని, ఆ తల్లి వాళ్ళని పోగొట్టుకుందని నూట పదేళ్ళ తరవాత సముద్రం ఇవతల కూర్చున్న నాకు తెలిసింది. మా తాతమ్మ గురించి నాకు ఆ మాత్రం తెలీదు.

ఐర్లండ్ వాళ్ళకి ఇది తేలిగ్గా దక్కలేదు. వాళ్ళ 1861, 1871 జనగణన ఫారాలని ప్రభుత్వమే నాశనం చేసింది. 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో కాగితం కొరతకి గుజ్జుగా మారిపోయాయి. 1821 నుంచి 1851 దాకా ఉన్నవాటిలో చాలా భాగం 1922లో డబ్లిన్ అంతర్యుద్ధపు మంటల్లో కాలిపోయాయి. అందుకే 1901, 1911 ఫారాలంటే అక్కడివాళ్ళకి అంత ప్రాణం. 1926వి వందేళ్ళ గడువు పెట్టుకుని కాపాడుకున్నారు. ఒకసారి పోగొట్టుకున్నవాళ్ళు కూడా తెలివి తెచ్చుకుని మిగిలినవి కాపాడుకోవచ్చని ఈ చరిత్ర చెబుతోంది. మనం చేయాల్సింది సరిగ్గా అదే.

ఈ ఫారాలతో పూర్వీకుల్ని వెతికేవాళ్ళ పద్ధతి కూడా తెలుసుకోదగ్గది. వాళ్ళు ఇవాళ్టి నుంచి వెనక్కి నడుస్తారు. అమెరికాలో 72 ఏళ్ళ గడువు. 1950 జనగణన 2022 ఏప్రిల్ 1న బయటికొచ్చింది. అందులో తాతని చిన్నపిల్లాడిగా పట్టుకుంటారు. అక్కడి నుంచి 1940కి వెళ్ళి అదే ఇంట్లో ఆయన తల్లిదండ్రుల్ని చూస్తారు, 1930లో వాళ్ళ తల్లిదండ్రుల్ని వెతుకుతారు. ఒక్క పేజీ పెద్దగా ఏమీ చెప్పదు. పదేళ్ళ తేడాతో రెండు పేజీలు పక్కపక్కన పెడితే సంసారం కదులుతుంది. మొదటిదాంట్లో ఉన్న ముసలామె రెండోదాంట్లో లేదంటే ఆ మధ్య ఏళ్ళ మరణాల రిజిస్టరు తీయాలి. కొత్తగా ఒక మేనకోడలు వచ్చి చేరిందంటే ఆమె తల్లికి ఏదో అయ్యుండాలి. వయసులు పదేళ్ళకి పదీ పెరగవు, ఏడే పెరగొచ్చు, పదమూడూ పెరగొచ్చు. బ్రిటన్ 1841 జనగణనలో అయితే పదిహేను దాటినవాళ్ళ వయసుని ఐదు ఏళ్ళ మెట్టుకి తగ్గించి రాయమన్నారు, అంటే 29 ఏళ్ళవాడు 25 అవుతాడు. పేర్లు, ఇంటింటికీ తిరిగి లెక్క రాసుకునే ఎన్యూమరేటరు చెవికి ఎలా వినబడితే అలా ఉంటాయి. అందుకే బాగా వెతికేవాళ్ళు పేరు ఒక్కటే పట్టుకోరు. ఇరుగుపొరుగు ఇళ్ళ పేర్లు కూడా రాసుకుంటారు, ఎందుకంటే వలస వెళ్ళేటప్పుడు ఆ ఇళ్ళవాళ్ళూ కలిసే వెళ్ళుంటారు.

జనగణన కాగితం విలువ అందరికంటే బాగా తెలిసింది అమెరికాలోని నల్లజాతి కుటుంబాలకి. 1850, 1860 జనగణనల్లో బానిసల కోసం వేరే జాబితాలు రాశారు. యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, ఒంటి రంగు మాత్రమే ఉంటాయి. పేరు ఉండదు. బానిసత్వం రద్దయ్యాక 1870లో జరిగిన జనగణనలో వాళ్ళందరి పేర్లూ మొదటిసారి వరసగా ఎక్కాయి. ఇవాళ ఆ కుటుంబాల వారసులు తవ్వుకుంటూ వెళ్ళి 1870 దగ్గర గోడకి తగులుకుంటారు. దానికి ముందు ఉన్నది మనిషి కాదు, ఆస్తి వివరం.

మన సంగతి చూద్దాం. మన పూర్వీకుల ఆనవాళ్ళు అసలు ఎక్కడ దొరుకుతాయి? ముందుగా భూమి కాగితాల్లో. ఆంధ్రలో రీసెటిల్‌మెంటు రిజిస్టరు, అడంగల్. తెలంగాణలో సేత్వారు, పహాణీ, 1954-55 నాటి ఖాస్రా పహాణీ. పాతవాటిలో ఫసలీ సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. తెలంగాణలో పాతవి చాలావరకు ఉర్దూలో ఉంటాయి కాబట్టి చదివిపెట్టేవాళ్ళు కావాలి. మాలాగా జమీందారీ కింద బతికిన ఊళ్ళవాళ్ళకి ఇంకో ఇబ్బంది ఉంది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి రైత్వారీ సర్వే జరిగేదాకా ఆ లెక్కలన్నీ జమీందారు కచేరీలోవే. సర్కారు రికార్డులో మా ముత్తాత పేరు వెతికితే ఆయన ముసలివాడయ్యాక గానీ కనబడలేదు.

కరణాల దగ్గర ఉండే చావుపుట్టుకల లెక్కలు ఇంకో ఆధారం. 1984లో కరణాలు, మునసబుల వ్యవస్థని రద్దుచేశారు. అది చేయాల్సిన పనే, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ మార్పులో పాత కట్టలు కొన్ని తాలూకా ఆఫీసులకి చేరాయి, కొన్ని అటకల మీద చెదపురుగుల పాలయ్యాయి. మా ఊరి పాత కరణంగారి మనవడు, నేను అడిగితే పాపం వెతికి మరీ చూపించాడు: సగం తిన్న శిస్తు లెక్కల కట్ట. మా కులంవాళ్ళ పేర్లు అందులో నాలుగో ఐదో ఉన్నాయి. అన్నీ మగవాళ్ళవే.

కాశీలో, గయలో యాత్రికుల వంశాలు రాసిపెట్టుకునే పురోహితులు, అంటే పండాల పుస్తకాలున్నాయి, కానీ కాశీకి వెళ్ళగలిగినవాళ్ళెందరు? గోత్రాలు, వంశాలు పాడే పిచ్చుకగుంట్లవాళ్ళు ఉన్నారు, ఇప్పుడు వంశరాజులంటున్నారు. వాళ్ళ నోట కాపుల, రెడ్ల వంశక్రమాలు తరాల తరబడి నిలబడ్డాయి. అది గొప్ప విద్య, ఇప్పటికైనా రికార్డు చేసుకోవాలి. కానీ ఆ పాటలో వరస తండ్రి నుంచి కొడుక్కే వెళుతుంది. అది కూడా దానమిచ్చి పోషించగలిగిన కులాలకే ఉంది.

కాస్త ఆలోచిస్తే ఈ ఆధారాలన్నిటికీ ఒక పోలిక ఉంది. అడంగల్‌కి భూమి కావాలి. దస్తావేజుకి ఆస్తి కావాలి. పండా పుస్తకానికి ప్రయాణం ఖర్చు కావాలి. బడి రిజిస్టరుకి బడిలోకి రానివ్వాలి. సెంటు భూమి లేని పాలేరు, ఊరవతల బతికిన కుటుంబం, పేరంటే ఇంటివాళ్ళకే గుర్తులేని కోడలు, ఏడాది నిండకుండా పోయిన పిల్ల, వీళ్ళందరి దగ్గరికీ వెళ్ళి పేరేమిటని అడిగినది జనగణన ఒక్కటే. ఆ కాగితాలు పోతే భూస్వాముల చరిత్రకి పెద్దగా లోటుండదు, వాళ్ళకి వేరే కాగితాలున్నాయి. నష్టపోయేది మిగతా అందరూ.

అయితే ఆ ఫారాలు నిలిచి ఉన్నా మా తాతమ్మ పేరు అందులో ఉండేదని నూటికి నూరు పాళ్ళు చెప్పలేను. ఆడవాళ్ళ పేరు చెప్పడానికి ఇంట్లో అభ్యంతరపెడితే "స్త్రీ" అని రాసుకుని వచ్చేయండని పాత జనగణన సూచనల్లోనే ఉంది. అదే అలవాటు స్వతంత్రం వచ్చాక ఓటర్ల జాబితాకీ అడ్డొచ్చింది. 1951-52 ఎన్నికల ముందు ఉత్తరాదిలో లక్షలమంది ఆడవాళ్ళు ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అనే చెప్పారు, సొంత పేరు చెప్పలేదు. అలా చెబితే కుదరదని ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ గట్టిగా నిలబడ్డారు. దాదాపు 28 లక్షలమంది పేర్లు జాబితాలోంచి తీసేయాల్సి వచ్చింది. తరవాతి ఎన్నికలకి చాలామంది పేరు చెప్పి మరీ చేరారు. లండన్‌లో అయితే ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం పోరాడిన ఎమిలీ వైల్డింగ్ డేవిసన్ అనే ఆమె 1911 జనగణన రాత్రి పార్లమెంటు భవనంలోని ఒక చిన్న గదిలో దాక్కుంది. ఓటు హక్కు లేని ఆడదాని చిరునామా ఆ రాత్రికి పార్లమెంటు అవ్వాలని ఆమె పంతం. దొరికింది, అలాగే రాశారు. ఆ కాగితం ఇప్పటికీ ఉంది.

ఇక నన్ను ఎక్కువగా కలచివేసే విషయం. మా జిల్లాల నుంచి ఊరు వదిలి వెళ్ళినవాళ్ళ వివరాలు, ఊళ్ళోనే ఉండిపోయినవాళ్ళ వివరాలకంటే పదిలంగా ఉన్నాయి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్ళారు. వాళ్ళలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్ళే, తెలుగువాళ్ళూ తమిళులూ. ప్రతి మనిషికీ ఒక నంబరు. ఓడ జాబితాలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, చివరికి ఒంటి మీద మచ్చ ఎక్కడుందో కూడా రాశారు. ఒప్పందం మీరి పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న వివరాలవి. ఆ క్రూరమైన అవసరమే ఆ మనుషుల్ని ఇవాళ వాళ్ళ మునిమనవలకి చూపిస్తోంది. దక్షిణాఫ్రికాలో, ఫిజీలో, మారిషస్‌లో పుట్టిన తెలుగువాళ్ళు ఆ జాబితాలు, వలస పాసుల నకళ్ళు పట్టుకుని శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు ఊళ్ళు వెతుక్కుంటూ వస్తున్నారు.

వాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. జాబితాలో గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా అని ఉంటే ఒడిశా వెళ్ళి వెతక్కండి. చికాకోల్ అంటే శ్రీకాకుళమే. 1936లో ఒరిస్సా విడిపోయేదాకా అది గంజాం జిల్లాలో ఉండేది, తరవాత విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950లో సొంత జిల్లా అయింది. మా విజయనగరం జిల్లా 1979లో గానీ పుట్టలేదు.

మా ముత్తాత తమ్ముడు రంగం వెళ్ళాడు. రంగూన్‌ని మావైపు రంగం అనే అనేవారు. కూలీల్ని పోగుచేసే మేస్త్రీ వెంట మూకగా వెళ్ళి ధాన్యం మిల్లుల్లో, రేవులో పనిచేసేవారు. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి నేటాల్ కూలీలకి రాసినట్టు పాసులు రాయలేదు. 1931 జనగణనలో ఆయన్ని రంగూన్‌లో ఎవరో ఒకరు తప్పకుండా లెక్కపెట్టి ఉంటారు. ఆ తరవాత ఆయన సంగతి ఏమీ తెలీదు. 1942లో జపాన్‌వాళ్ళు వచ్చినప్పుడు అడవులు దాటి నడిచొచ్చినవాళ్ళలో ఆయన లేడు. ఇంట్లో ఏటా ఆయనకి తద్దినం ఏ తిథికి పెట్టాలో తెలియక మహాలయ అమావాస్యకి పెట్టేవారట.

ఈ వాదనకి అభ్యంతరాలున్నాయి, అవి చిన్నవి కావు. 1942లో అమెరికా జపనీస్ మూలాలవాళ్ళని నిర్బంధ శిబిరాలకి తరలించినప్పుడు 1940 జనగణన లెక్కలే దారి చూపించాయి. యుద్ధకాలపు చట్టంతో గోప్యత నియమాన్నే పక్కన పెట్టేశారు. మన దగ్గర 1951 జనగణన స్లిప్పుల నుంచే జాతీయ పౌర పట్టిక ఎత్తిరాశారు. అసోంలో దాన్నీ, పాత ఓటర్ల జాబితాలనీ ఆధారంగా పెట్టుకుని 2019 ఆగస్టు 31న పౌరుల తుది జాబితా వేస్తే 19,06,657 మంది బయట మిగిలారు. అక్కడ పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిన ఆడవాళ్ళు తాము ఫలానా తండ్రి కూతుళ్ళమని నిరూపించుకోవడానికి పడిన అవస్థ అంతా ఇంతా కాదు. తాతల పేర్లు వెతకడం కొందరికి సరదా అయితే, వాళ్ళకి బతుకు సమస్య. కులం సంగతీ ఉంది. ముత్తాత కులం బయటపడితే ఇవాళ ఎవరి సంబంధం చెడుతుందో, ఎవరు ఎవర్ని ఎత్తిపొడుస్తారో అని భయపడేవాళ్ళు ఉంటారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. మా ఊళ్ళోనే అలాంటి మాటకి ముక్కలైన ఇల్లు చూశాను.

అయితే ఈ ప్రమాదాలన్నీ బతికున్నవాళ్ళ మీద అధికారం చేసినవి, లేదా చేయగలిగినవి. వందేళ్ళ మూత ఎందుకంటే అందుకే. 1948 జనగణన చట్టం 15వ సెక్షను ప్రకారం ఆ రికార్డుల్ని ఎవరూ తనిఖీ చేయకూడదు, కోర్టులో సాక్ష్యంగా పెట్టకూడదు. మొదటి భాగాన్ని వందేళ్ళ తరవాత సడలించండి. రెండో భాగాన్ని ఎప్పటికీ అలాగే ఉంచండి. ఆ కాగితం పట్టుకుని ఎవరి పౌరసత్వాన్నీ, ఎవరి కుల ధృవీకరణనీ, ఎవరి పొలం గట్టునీ తేల్చకూడదు. మనుమలు చదువుకోవడానికి, చరిత్రకారులు రాయడానికి మాత్రమే అది పనికిరావాలి.

వద్దనేవాళ్ళని బలవంతపెట్టక్కర్లేదు. ఆస్ట్రేలియా కూడా మనలాగే ఫారాల్ని నాశనం చేస్తూ వచ్చిన దేశం. 2001లో పద్ధతి మార్చి ఫారంలోనే ఒక ప్రశ్న చేర్చింది: మీ పేరుతో సహా ఈ వివరాల్ని 99 ఏళ్ళు దాచి, తరవాత బయటపెట్టమంటారా? అవునన్నవాళ్ళవే దాచారు. జనాభాలో సగానికి పైగా అవునన్నారు.

ఖర్చు మాటంటారా, 1931లో కోట్ల స్లిప్పులు పెట్టుకోవడానికి గోడౌన్లు లేకపోయి ఉండొచ్చు. ఇప్పుడు నింపేదే యాప్‌లో. సొంతంగా ఆన్‌లైన్‌లో నింపుకునే వీలు కూడా ఇచ్చారు. దాచడానికి గోడౌన్లు అక్కర్లేదు, చట్టంలో ఒక సవరణా, స్క్రీన్ మీద ఒక ప్రశ్నా చాలు. అది కూడా లెక్క మొదలయ్యే ముందే జరగాలి, ఎందుకంటే అడగకుండా తీసుకున్న వివరాలకి తరవాత ఒప్పుకోలు తీసుకోవడం కుదరదు. మన ఎంపీలు పార్లమెంటులో దీన్ని లేవనెత్తాలి. ఇంటిపేర్ల గ్రూపులు, కుల సంఘాలు, తానా, ఆటా లాంటి ప్రవాస సంఘాలు సావనీర్లలో వంశవృక్షాలు అచ్చువేసే ఉత్సాహంలో కొంత దీనికి మళ్ళించి వినతిపత్రాలు పంపాలి.

చట్టం మారేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. ఎన్యూమరేటరు వచ్చిన రోజున, యాప్‌లో చెప్పినవన్నీ ఒక తెల్లకాగితం మీద కూడా రాసుకోండి. ఇంట్లో ఉన్న ప్రతి మనిషికీ యాప్ అడగని మూడు విషయాలు చేర్చండి: తల్లి పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు, ఆమె పుట్టిన ఊరు. పుట్టి పోయిన పిల్లల పేర్లు కూడా రాయండి, పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు. తారీఖు వేసి, ఇంటి దస్తావేజులు ఉన్న కవర్లోనే పెట్టండి. మా ఇంట్లో ఆ కాగితం మా అమ్మ చేత రాయిస్తున్నాను. అమ్మమ్మ పేరు, అమ్మమ్మ తల్లి పేరు ఆవిడకి గుర్తున్నాయి.